నూట యాభై క్రిస్మస్ కార్డులు చేతితో చేయాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇన్నాళ్లూ క్రిస్మస్‌కి పదో పదిహేనో కార్డులు చేతితో చేసి దగ్గరివాళ్లకి ఇచ్చేవారు, ఒక్కోదానికి అరగంట దాకా పట్టేది, ఈసారి నూట యాభై కావాలి, చేతిలో ఐదు వారాల సాయంత్రాలు ఉన్నాయి, పిల్లలిద్దరూ సాయం చేస్తామంటున్నారు. ఏ పద్ధతి ఎంచుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ప్రెస్సులో కొట్టించినట్టు కనిపించకుండా ఎలా, గ్లిటర్ వాడొచ్చా అని. నేను ఏటా పెద్ద సంఖ్యలోనే చేస్తాను కాబట్టి వివరంగానే రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క చూడండి. అరగంట చొప్పున నూట యాభై అంటే 75 గంటలు. ఐదు వారాలూ ఒక్క రోజు కూడా మానకుండా సాయంత్రం రెండేసి గంటలు కూర్చున్నా వచ్చేది 70 గంటలే, అందులోంచి పోస్టుకి పట్టే రోజులు తీసెయ్యాలి. అదే ఒక్కో కార్డుని ఎనిమిది నిమిషాలకు తెచ్చారనుకోండి, మొత్తం 20 గంటల్లో అయిపోతుంది, శని ఆదివారాల్లో కూడా తేలిగ్గా ముగించొచ్చు. చేతులు ఎంత వేగంగా ఆడించినా అరగంట పని ఎనిమిది నిమిషాలకు రాదు. డిజైన్ మారితేనే వస్తుంది. ఇప్పటిదాకా మీరు చేసిన కార్డు ఎంత బాగున్నా సరే, దాన్నే నూట యాభై సార్లు చేయాలని మాత్రం కూర్చోకండి, ముప్పయ్యో కార్డు దగ్గర విసుగొస్తుంది, ఆ విసుగు కార్డులో కనబడుతుంది.

నా పద్ధతంతా ఒక్క మాట మీద నడుస్తుంది: చేతిపని మొత్తం చూపు పడే ఒక్కచోట పెట్టాలి, మిగతా అంతా కొలత ప్రకారం, ఆలోచించే అవసరం లేకుండా సాగిపోవాలి. కార్డు తెరిచినవాళ్లు మీరు మడత ఎలా వేశారని చూడరు, అంచు కోసిందెవరని చూడరు. నీలం రంగు కాగితం మీద ఎలా పాకిందో, నక్షత్రం కాస్త పక్కకి ఎలా ఒరిగిందో, తమ పేరు ఎవరి దస్తూరీలో ఉందో చూస్తారు. కాబట్టి చేతికి ఆ మూడూ వదిలి, మిగతావి స్కేలుకీ కట్టర్‌కీ అప్పగించండి.

ఇలా చేస్తే అది చేతితో చేసిన కార్డు అవుతుందా అని కొందరికి సందేహం వస్తుంది. అచ్చువేసి అమ్మిన మొదటి క్రిస్మస్ కార్డు సంగతే చూడండి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, పండక్కి జవాబు రాయాల్సిన వాళ్లు మరీ ఎక్కువైపోయి తీరిక లేక, తన చిత్రకారుడు మిత్రుడు జాన్ కాల్కాట్ హార్స్‌లీ చేత బొమ్మ గీయించి వెయ్యి దాకా కాపీలు వేయించాడు. గీతలు లితోగ్రాఫ్ పద్ధతిలో అచ్చు, రంగులు మాత్రం ఒక్కోదానికీ చేత్తో అద్దినవి. ఎవరికి, ఎవరి నుంచి అన్న చోట ఖాళీ వదిలారు, అది కలంతో నింపుకోవాలి. అంటే మీకిప్పుడున్న ఇబ్బందే ఆయనకీ వచ్చింది, ఆయన దొరికించుకున్న దారి కూడా ఇదే, ఒకేలా ఉండాల్సింది అచ్చుకి, మనిషి జాడ ఉండాల్సింది రంగుకీ పేరుకీ.

ఇక పని మొదలుపెట్టేది కార్డుతో అనుకోకండి, కవరుతో. నూట యాభై కవర్లు ఒకే సైజువి చేతికి వచ్చాకే కార్డు కొలత ఖరారు చేయండి. కార్డు ముందు చేసేసి తర్వాత దానికి సరిపోయే కవరు వెతకడం పెద్ద టెన్షన్, కవర్లు కూడా చేత్తో చేద్దామనుకుంటే పని రెట్టింపు. అన్నిటికన్నా సుఖమైనది ఏ4 కాగితం కొలతలతో పోవడం. ఏ4 అంటే 210 మి.మీ. వెడల్పు, 297 మి.మీ. పొడవు. దాన్ని సగం చేస్తే ఏ5, ఏ5ని మడిస్తే ఏ6 కార్డు, అంటే 105 ఇంటూ 148. దీనికి సరిపోయే కవరు సీ6, కొలత 114 ఇంటూ 162. ఒక్క ఏ4 షీటుకి రెండు కార్డులు, తరుగు ముక్కలేమీ మిగలవు. చతురస్రం కార్డు చూడ్డానికి బాగుంటుంది కానీ కొన్ని దేశాల్లో పోస్టల్ యంత్రాలు దాన్ని సరిగ్గా వేరుచేయలేవని అదనపు స్టాంపు అడుగుతారు, ఇంత సంఖ్యలో పంపేటప్పుడు అది బరువే.

నూట యాభైకి నూట యాభై మాత్రమే కోసి పెట్టుకోవద్దు, పది శాతం కలపండి, 165. అంటే 83 ఏ4 షీట్లు. కవర్లూ అన్నే తీసుకోండి, అడ్రసు తప్పు రాయడం అందరికీ జరిగేదే.

అట్ట మందం 250 నుంచి 300 జీఎస్‌ఎం మధ్య ఉంటే చాలు (జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అని). అంతకంటే పలచనైతే కార్డు నిలబడదు, మందమైతే మడత దగ్గర పగులుతుంది, కోయడమూ కష్టం. నిగనిగలాడే కోటింగ్ అట్ట వద్దు, దాని మీద సిరా ఆరదు, వేలు తగిలితే అలుక్కుపోతుంది. కోటింగ్ లేని మ్యాట్ అట్ట తీసుకోండి, మొత్తం ఒకేసారి కొనండి, ఎందుకంటే తెలుపులో కూడా చాలా తెలుపులున్నాయి, రెండోసారి కొన్నది పక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి, దీని మీద కాసేపు ఆగుదాం. కాగితానికి గ్రెయిన్ ఉంటుంది, తయారయ్యేటప్పుడు అందులోని పీచు ఎక్కువగా ఒకే దిక్కుకి తిరిగి ఉంటుంది. ఆ దిక్కు వెంట మడిస్తే మడత శుభ్రంగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పీచు తెగి మడత పొడవునా చిన్న చిన్న పగుళ్లు, రంగు అట్ట అయితే తెల్లటి గీత కూడా. ఏ దిక్కో తెలుసుకోవడం సులువు: షీటుని రెండు చేతులతో పట్టుకుని మడత పడకుండా మెల్లగా వంచండి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. ఎటు తక్కువ బలంతో వంగితే అదే గ్రెయిన్ వెంట వంగడం. ఏ4 షీట్లలో చాలావాటికి గ్రెయిన్ పొడవు వెంటే ఉంటుంది. అలాంటి షీటుని 297 వైపు మధ్యలో అడ్డంగా కోసి, వచ్చిన ముక్కని పుస్తకంలా పక్కకి తెరుచుకునేలా మడిస్తే మడత సరిగ్గా గ్రెయిన్ వెంట వస్తుంది. అదే షీటుని నిలువుగా రెండు సన్నటి పట్టీలు కోసి, పైకి తెరుచుకునేలా మడిస్తే గ్రెయిన్‌కి అడ్డంగా పడుతుంది. కార్డు సైజు రెండిట్లోనూ ఒకటే, మడత నాణ్యతలో మాత్రం చాలా తేడా. అందుకే పెద్ద సంఖ్యలో చేసేటప్పుడు పక్కకి తెరుచుకునే కార్డే నా ఎంపిక. మీరు కొన్న అట్ట తేడాగా ఉండొచ్చు కాబట్టి మొత్తం కోసే ముందు రెండు ముక్కలు మడిచి చూసుకోండి.

కోయడానికి కత్తెర పనికిరాదు, నూట అరవై ఐదు అంచులు తిన్నగా రావు. పేపర్ కట్టర్ ఉంటే మంచిది, లేకపోతే స్టీలు స్కేలు, కట్టర్ కత్తి, కింద కటింగ్ మ్యాట్. ఒక్కోసారి ఒకటి రెండు షీట్లకు మించి పెట్టకండి, మందపాటి అట్టలు దొంతరగా పెడితే కత్తి దిగేటప్పుడు కిందవి జరిగిపోయి ఒక్కొక్కటీ ఒక్కో కొలత వస్తుంది. ప్రతిసారీ కొలిచి గీత పెట్టుకోవడం మానండి, కట్టర్ పలక మీద మీకు కావలసిన దూరంలో మందపాటి అట్టముక్క ఒకటి అడ్డంగా టేపుతో అంటించండి, షీటుని దానికి ఆనించి కోస్తూ పోవడమే, అన్నీ ఒకే కొలతకి వస్తాయి. అంచు నూగునూగుగా వస్తోందంటే బ్లేడు అయిపోయిందని అర్థం, ఇంకా బలంగా నొక్కడం కాదు, మార్చెయ్యండి.

మడత వేసే ముందు గీత నొక్కాలి. దీనికి బోన్ ఫోల్డర్ అనే పరికరం దొరుకుతుంది, సిరా అయిపోయిన బాల్‌పెన్ను కూడా అంతే బాగా పనిచేస్తుంది. స్కేలు ఆనించి గట్టిగా ఒక్కసారి లాగితే ఒకవైపు పల్లం, రెండోవైపు సన్నటి ఉబ్బు వస్తాయి. ఉబ్బిన వైపు లోపలికి వచ్చేలా మడవాలి, పల్లం బయట ఉండాలి. చాలామంది దీనికి తిరగేసి మడుస్తారు, వినడానికి పుస్తకం మూసినట్టు పల్లంలోకి మడవడమే సహజంగా అనిపిస్తుంది, కానీ అలా చేస్తే బయటి పొర సాగి చిట్లుతుంది. మడిచాక బరువు కింద ఒక రాత్రి ఉంచితే కార్డు నోరు తెరుచుకుని ఉండదు.

ఒక్క జాగ్రత్త, అచ్చు గానీ ముద్ర గానీ నేరుగా కార్డు మీదే వేసేటట్టయితే మడవక ముందే, బల్లపరుపుగా ఉన్నప్పుడే వేసెయ్యండి. బయటి వైపు పైకి పెట్టి చూస్తే కుడి సగమే ముందు ముఖం అవుతుంది. ఎడమ సగం మీద వేసుకుంటే బొమ్మ కార్డు వెనక్కి పోతుంది, వరుసగా పాతిక వేశాక అది గమనిస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బల్ల మీద కాగితం అంటించి కుడి ఎడమలు రాసి పెట్టుకోండి.

ఇక ఏ పద్ధతి అన్నది. మీకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది, పెద్ద షీటు మీద ఒకేసారి రంగు వేసి తర్వాత ముక్కలుగా కోసుకోవడం. ఒక్కో కార్డు మీద విడిగా బొమ్మ వేయడం కన్నా ఇది ఎన్నో రెట్లు తేలిక, పైగా ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు కాబట్టి ప్రెస్సు కార్డులా ఉంటుందేమోనన్న మీ భయం దానంతటదే పోతుంది.

ఎలాగంటే, 300 జీఎస్‌ఎం వాటర్‌కలర్ పేపరు తీసుకోండి, అంచులు నాలుగువైపులా మాస్కింగ్ టేపుతో పలకకి అంటించండి, లేకపోతే తడికి ముడతలు పడుతుంది. వెడల్పాటి బ్రష్‌తో ముందు మంచినీళ్లు పూసి, ఆ తడి మీద ముదురు నీలం, అక్కడక్కడ ఊదా లేదా ఆకుపచ్చ వదలండి, వాటంతటవే పాకి కలిసిపోతాయి. పూర్తిగా తడిగా ఉన్నప్పుడు కాదు, నీళ్లు ఇంకుతూ పైన మెరుపు తగ్గడం మొదలైనప్పుడు ఉప్పు చిటికెడు చిటికెడుగా చల్లండి. ప్రతి ఉప్పురవ్వ చుట్టూ ఉన్న తడిని లాక్కుంటుంది, రంగు పక్కకి జరిగి తెల్లటి మంచు పూలలాంటి మచ్చలు ఏర్పడతాయి. తొందరపడి చల్లితే ఉప్పు కరిగిపోతుంది, ఆలస్యమైతే ఏ మచ్చా రాదు, రెండు మూడు ముక్కల మీద చూసుకుంటే ఆ అదను పట్టుబడుతుంది. పూర్తిగా ఆరాక చేత్తో ఉప్పు దులిపెయ్యండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టి తొందర చేస్తే మచ్చలు సగంలోనే ఆగిపోతాయి. తర్వాత పాత టూత్‌బ్రష్‌ని చిక్కటి తెల్ల గువాష్‌లో (కింది రంగు కనబడనివ్వని వాటర్‌కలర్) ముంచి, బొటనవేలితో వెనక్కి లాగి వదిలితే సన్నటి మంచు జల్లు పడుతుంది. రాత్రి ఆకాశం తయారైంది, ఇప్పటిదాకా ఒక్క కార్డూ విడిగా ముట్టుకోలేదు మీరు.

ఈ షీటుని 95 ఇంటూ 138 ముక్కలుగా కోస్తే ఏ6 కార్డు మీద చుట్టూ 5 మి.మీ. తెల్ల అంచు వచ్చేలా అతుకుతాయి. ఏ4 షీటుకి నాలుగు ముక్కలు, ఏ3కి ఎనిమిది. టేపు అంటించిన అంచుల్ని కోసి పారేయగా కూడా సరిపోతుంది, టేపు మరీ వెడల్పు లేకుండా చూసుకోండి. ఏ3 తీసుకుంటే 165 ముక్కలకి 21 షీట్లు. ఒక్కో షీటు రంగు వేయడం కొద్ది నిమిషాల పనే, ఆరడానికే సమయం పడుతుంది.

ఆకాశం ఉంది, ఇక దాని మీద ఒక బొమ్మ. ఒక్కటే, ఎక్కువ వద్దు. నక్షత్రం, మూడు చెట్లు, పాక, కొవ్వొత్తి, ఏదైనా సరే, దూరం నుంచి నీడగా చూసినా గుర్తుపట్టేలా ఉండాలి. దీన్ని స్టాంపుగా చెక్కుకోవచ్చు. అచ్చు కోసం చెక్కే లినోలియం పలక, అంటే లినో కన్నా మెత్తటి రబ్బరు పలకలు దొరుకుతాయి, మొదటిసారికి అవే మేలు. లినోనే వాడేటట్టయితే కాస్త వెచ్చబెడితే మెత్తబడి ఉలి తేలిగ్గా దిగుతుంది. ఉలి ఎప్పుడూ ఒంటికి దూరంగా నెట్టాలి, పలక పట్టుకున్న చెయ్యి ఉలికి వెనకే ఉండాలి. ఈ పని పిల్లలకి ఇవ్వకండి. అక్షరాలు చెక్కాలనుకుంటే అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి, లేదా ట్రేసింగ్ కాగితం మీద రాసి, రాసిన వైపు పలక మీద బోర్లించి రుద్దితే తిరగేసిన అచ్చు దానంతటదే వస్తుంది.

సిరా గురించి. నీటితో కలిసే బ్లాక్ ప్రింటింగ్ సిరా త్వరగా ఆరుతుంది, కడుక్కోవడం సులువు. నూనె సిరా అచ్చు చాలా నిండుగా వస్తుంది, కానీ ఆరడానికి రోజులు పడుతుంది, నూట యాభై తడి ముక్కలు అన్ని రోజులు పరిచి ఉంచే చోటు మీ ఇంట్లో ఉందో లేదో ముందు ఆలోచించుకోండి. ముదురు నీలం మీద తెలుపు లేదా బంగారు రంగు నిండుగా రావాలంటే పలచటి స్టాంపు ప్యాడ్ సిరా సరిపోదు, రోలర్‌తో పూసే చిక్కటి సిరా కావాలి. పలక మీద రోలర్ తిప్పుతుంటే సన్నగా చిరచిరమనే చప్పుడు వస్తుంది, అప్పుడు సిరా సరైన పలచనలో ఉన్నట్టు. చప్పుడు జిగటగా, తడితడిగా వస్తే ఎక్కువైంది, సన్నటి గీతలన్నీ పూడిపోతాయి. కొత్త స్టాంపుతో మొదటి మూడు నాలుగు అచ్చులు వెలిసినట్టు వస్తాయి, చెడు కాగితం మీద వేసి పక్కన పడేయండి, చెక్కింది చెడిందని కంగారు పడొద్దు.

చెక్కడం ఇష్టం లేకపోతే స్టెన్సిల్ ఉంది. గట్టి ప్లాస్టిక్ ఫైలు అట్ట మీద ఆకారం కోసి, స్పాంజితో అద్దడమే. రహస్యమంతా స్పాంజి దాదాపు పొడిగా ఉండటంలో ఉంది, రంగు ముంచగానే ముందు చెడు కాగితం మీద రెండు మూడు సార్లు అద్ది, అప్పుడు కార్డు మీదకి రండి. తడి ఎక్కువైతే రంగు ప్లాస్టిక్ కిందకి పాకి అంచు చెదురుతుంది. ఎనిమిది పది కార్డులకోసారి స్టెన్సిల్ తుడవండి.

కాగితపు చుట్టలు, దారంతో కుట్టే కార్డులు, పొరలు పొరలుగా అతికే పాప్ అప్ బొమ్మలు ఇవన్నీ నాకు చాలా ఇష్టం, కానీ నూట యాభైకి వద్దు. అమ్మకో, చిన్ననాటి స్నేహితురాలికో ప్రత్యేకంగా రెండు మూడు అలా చేసుకోండి, మొత్తం అయ్యాక.

ఇప్పుడు పని వరుస. అందరూ అన్నిటికీ ఒక్కో అంచె ఒకేసారి పూర్తి చేయమంటారు, నేను సగమే ఒప్పుకుంటాను. ముందు ఐదు కార్డులు మొదటి నుంచి చివరి దాకా, కవర్లో పెట్టేదాకా, పూర్తిగా చేయండి, ఫోన్‌లో టైము పెట్టుకుని ఏ అంచెకి ఎంత పట్టిందో రాసుకోండి. ఈ ఐదూ చేయకుండా నేరుగా నూట యాభై మొదలుపెట్టారంటే, పొరపాటు ఏదైనా ఉంటే అది నూట యాభై సార్లు జరుగుతుంది. ఒక్కో అంచెలో ఒక్క నిమిషం తగ్గితే నూట యాభైకి రెండున్నర గంటలు మిగులుతాయి, ఈ లెక్క ఎప్పుడూ బుర్రలో ఉంచుకోండి. రిబ్బను ముడి చాలా ముద్దుగా ఉంటుంది, కానీ ఒక్కోదానికి రెండు నిమిషాలంటే ఐదు గంటలు ముడులేస్తూ కూర్చోవాలి, ఆ ఐదు గంటలు లోపల రెండు వాక్యాలు రాయడానికి పెడితే అందుకున్నవాళ్లకి ఎక్కువ సంతోషం.

ఐదూ బాగొచ్చాక, కోయడం, గీత నొక్కడం మాత్రం మొత్తం 165 ఒకేసారి చేసెయ్యండి, ఎందుకంటే ఒకసారి కొలత బిగించాక మళ్లీ బిగిస్తే అర మిల్లీమీటరైనా తేడా వస్తుంది. రంగు కూడా మొత్తానికి సరిపడా ఒకేసారి కలిపి గట్టి మూత సీసాలో పెట్టుకోండి, రెండోసారి అదే ఛాయ కలపడం దాదాపు అసాధ్యం, అందులోనూ యాక్రిలిక్ ఆరాక ముదురుతుంది కాబట్టి తడి రంగు చూసి పోల్చలేరు. అచ్చు వేయడం, అతకడం, లోపల రాయడం మాత్రం పాతికేసి చొప్పున విడతలుగా చేయండి. విడత పూర్తయిన ప్రతిసారీ నిజంగా పూర్తయిన పాతిక కార్డులు పెట్టెలో కనబడతాయి, ఏ కారణం వల్ల మధ్యలో ఆగినా చేతిలో సగం సగం కార్డులు నూట యాభై మిగలవు.

బొమ్మ ప్రతిదాని మీద ఒకేచోట పడాలంటే బల్ల మీద రెండు అట్టముక్కలు మూలమట్టంగా అంటించండి, ముక్కని ఆ మూలకి ఆనించి పెట్టి, స్టాంపుని గుర్తు ప్రకారం దించడమే. రెండు రంగుల బొమ్మ అయితే ఈ మూల తప్పనిసరి, ముందు లేత రంగు, అది ఆరాక ముదురు. ఒకే పలకని మొదటి రంగు అచ్చు అయ్యాక మళ్లీ చెక్కి రెండో రంగు వేసే పద్ధతి కూడా ఉంది, చాలా అందంగా వస్తుంది. అందులో ఒక మెలిక, పలక ఒకసారి తరిగాక మొదటి రంగు మళ్లీ వేయలేరు, కాబట్టి పాడయ్యేవాటితో సహా మొత్తం కాపీలు మొదటి రంగులోనే వేసెయ్యాలి. దానికి పది శాతం అదనం చాలదు, ఇరవై పెట్టుకోండి.

ఆరబెట్టే చోటే అసలు ఇరుకు. ఇంట్లో ఎన్ని తడి ముక్కలు పరచగలరో, మీ విడత అంతే. దండెం కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీస్తే నేల మిగులుతుంది, కానీ క్లిప్పు గుర్తు పడుతుంది కాబట్టి కోసేయబోయే అంచుకే పెట్టండి.

అతకడానికి నీళ్ల జిగురు వాడితే ఒకవైపు తడి తగిలి కార్డు విల్లులా వంగుతుంది. డబుల్ సైడ్ టేపు శుభ్రం, వేగం. 95 ఇంటూ 138 ముక్క చుట్టూ అంటించాలంటే దాదాపు అర మీటరు పడుతుంది, 165 ముక్కలకి 80 మీటర్ల దాకా, ముందే లెక్కేసి తెచ్చుకోండి. టేపు ఒక్కసారి అంటితే జరగదు. అందుకని ఒక మూల కాగితం మాత్రం ఒలిచి, ఆ మూల సరిగ్గా కూర్చోబెట్టి, తర్వాత మిగతాది లాగండి. ఫోమ్ టేపుతో ఎత్తుగా అతికితే బాగుంటుంది కానీ కవరు ఉబ్బుతుంది, పోస్టులో పంపేవాటికి వద్దు.

పిల్లలు సాయం చేస్తామంటున్నారు కదా, తేడా వస్తే అందం పెరిగే పనులన్నీ వాళ్లకి ఇవ్వండి, తేడా వస్తే పాడయ్యేవి మీ దగ్గర ఉంచుకోండి. ఉప్పు చల్లడం, తెల్ల రంగు చిలకరించడం, చిన్న స్టాంపులు వేయడం వాళ్లవి, ఆ పనుల్లో వాళ్ల చెయ్యే బాగుంటుంది కూడా, పెద్దవాళ్లు చల్లితే తెలియకుండానే వరుసలు వరుసలుగా పడుతుంది. కోయడం, అతకడం మీవి. చిలకరించేటప్పుడు కింద పాత బట్ట పరచండి, గోడకి దూరంగా కూర్చోబెట్టండి.

లోపల రాసే మాట. పండుగ శుభాకాంక్షలు అన్న వాక్యం స్టాంపు చేసుకోవచ్చు, లేదా పలచటి కాగితం మీద అచ్చు తీసి లోపల ఒక అంచున అతకొచ్చు. కార్డు అట్ట మీదే నేరుగా ప్రింటు తీద్దామనుకుంటే ముందు మీ ప్రింటర్ ఎంత మందం లాగగలదో చూసుకోండి, ఇంటి ప్రింటర్లలో చాలావాటికి 300 జీఎస్‌ఎం ఎక్కువవుతుంది. కానీ పేరు, దాని కింద ఒక్క వాక్యం మాత్రం మీ దస్తూరీలోనే ఉండాలి, ఇది నేను బతిమాలి చెప్పే మాట అనుకోండి. ఆ వాక్యం ఆ మనిషికి మాత్రమే చెందేలా రాయండి, వాళ్ల అబ్బాయి పరీక్ష సంగతో, పోయినసారి కలిసినప్పుడు చెప్పిన మోకాలి నొప్పి సంగతో. నూట యాభై ఒకేరోజు రాస్తే చెయ్యి లాగేస్తుంది, చివరి యాభై అందరికీ ఒకటే వాక్యం పడిపోతుంది. రోజుకి ఇరవైకి మించొద్దు. అడ్రసులు మాత్రం లేబుళ్ల మీద ప్రింటు తీసి అంటించేస్తే ఏమీ తప్పు కాదు.

పోస్టు బరువు ముందే చూసుకోండి. 300 జీఎస్‌ఎం ఏ5 ముక్క ఒక్కటే 9 గ్రాముల పైన ఉంటుంది, పైన అతికిన వాటర్‌కలర్ ముక్క ఇంకో 4 గ్రాములు, కవరు, లోపలి కాగితం కలిపితే ఇంకొన్ని. మొదట చేసిన ఐదింట్లో ఒకటి కవర్లో పెట్టి పోస్టాఫీసుకి తీసుకెళ్లి తూకం వేయించండి. మొదటి పరిమితికి ఒక్క గ్రాము ఎక్కువైనా నూట యాభై స్టాంపుల ధర పెరుగుతుంది, అలాంటప్పుడు కింది అట్టని 250 జీఎస్‌ఎంకి దించితే ఒక్కో కార్డుకి గ్రామున్నర పైనే తగ్గుతుంది. అందుకే అట్ట మొత్తం కొనేది ఈ తూకం తర్వాతే, దానికి ముందు కొద్ది షీట్లే తెచ్చుకోండి.

గ్లిటర్ అడిగారు. వద్దండి. మీ ఇంట్లో ప్రతి కార్డుకీ అంటుకుంటుంది, కవరు తెరిచినవాళ్ల ఒళ్లో రాలుతుంది, గ్లిటర్ ఉన్న కార్డుల్ని కాగితం రీసైక్లింగ్‌కి చాలాచోట్ల తీసుకోరు. మెరుపు కావాలంటే బంగారు రంగు జెల్ పెన్నుతో నక్షత్రం చుట్టూ నాలుగు గీతలు, లేదా ఎంబాసింగ్ పొడి. నెమ్మదిగా ఆరే సిరాతో ముద్ర వేసి, తడి మీద పొడి చల్లి, మిగతాది దులిపేసి, హీట్ గన్‌తో వేడి చేస్తే పొడి కరిగి మెరిసే ఉబ్బెత్తు గీత అవుతుంది, రాలదు. హెయిర్ డ్రయ్యర్ పనికిరాదు, దాని గాలికి పొడి ఎగిరిపోతుంది గానీ కరగదు. ఒక్కోదానికి అర నిమిషం పైనే పడుతుంది కాబట్టి నక్షత్రం వరకే.

ఐదు వారాలు ఇలా పంచుకోండి: మొదటి వారం కవర్లు, ఐదు నమూనాలు, తూకం, తర్వాత అట్ట. రెండో వారం కోయడం, గీతలు, ఆకాశం షీట్లు. మూడో వారం అచ్చు, అతకడం. నాలుగో వారం రాయడం, దూరదేశాలకి వెళ్లాల్సినవి ముందు రాసి ఆ వారంలోనే పంపెయ్యడం. వాటికి మీ పోస్టాఫీసు చెప్పే ఆఖరి తేదీ ఇంకా ముందుంటే, మొదటి విడత పాతిక కార్డులూ వాళ్లకే పెట్టండి. ఐదోది చేత్తో అందించేవాటికి. ఎక్కడైనా వెనకబడ్డారనిపిస్తే ముందు మెరుపు వదిలేయండి, తర్వాత రెండో రంగు వదిలేయండి, ఆఖరికి స్టాంపు బొమ్మ కూడా వదిలేసి, ఉప్పు పూల ఆకాశం మీద తెల్ల జెల్ పెన్నుతో ఒక్క నక్షత్రం గీసి అతికేయండి. లోపల రాసే వాక్యానికి కేటాయించిన రోజులు మాత్రం తగ్గించకండి.